బకింగ్‌హాం కాలువ: పెద్ద పథకం పేరు చెప్పి ఆగిపోయిన చిన్న మరమ్మతు

ఆంధ్ర నుంచి తమిళనాడు దాకా సముద్రం పక్కనే సాగే బకింగ్‌హాం కాలువను బాగుచేసి మళ్ళీ పడవలు తిప్పాలన్న మాట మరోసారి పైకి వచ్చింది. ఈ మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు ఎదురుపడతాయి. మొదటిది సరుకు రవాణా వాదన. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పెద్ద పడవలు నడవాలి, బొగ్గు, ఎరువులు, సిమెంటు, బియ్యం లారీలు దిగి నీళ్ళెక్కాలి, అందుకు కాలువను వెడల్పు చేసి, వంతెనలు ఎత్తుచేసి, లాకులు కొత్తవి కట్టాలి అంటారు. రెండోది తీరం వెంట ఊళ్ళ నుంచి వినిపించేది. పూడిక తీయండి, గండ్లు పూడ్చండి, చిన్న పడవ తిరిగేంత లోతు ఉంచండి, కట్ట మీద మనిషి నడిచే దారి తెరవండి అని. మొదటి వాదనకు చట్టం ఉంది, నివేదికలున్నాయి, పటాలున్నాయి. రెండోదానికి ఇప్పటిదాకా ఫైలు కూడా లేనట్టే. ఈ కాలువ ఎందుకిలా పడి ఉందో తెలియాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

వ్యాపారి కొక్రేన్ దొర 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించడం, 1837లో ప్రభుత్వం తీసుకోవడం, ధాత కరువులో ఆకలితో వచ్చిన కూలీల చేత 1877-78లో కూవం, అడయారు నదులను కలుపుతూ నగరం మధ్య 8 కిలోమీటర్లు తవ్వించి అప్పటి గవర్నర్ పేరు పెట్టడం, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. ఇప్పటి తగాదాకు కావలసింది కాలువ ఉనికి. బకింగ్‌హాం కాలువ ఉత్తరాన పెదగంజాం దగ్గర మొదలై దక్షిణాన మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రలో, 163 తమిళనాడులో. పెదగంజాం దగ్గర దీనికి కొమ్మమూరు కాలువ వచ్చి కలుస్తుంది. సీతానగరం దగ్గర కృష్ణను వదిలి దుగ్గిరాల, సంగం జాగర్లమూడి మీదుగా వచ్చే 113 కిలోమీటర్ల కాలువ అది. అటు విజయవాడ నుంచి ఏలూరు కాలువ, ఆపైన కాకినాడ కాలువ. పడవవాడికి ఇదంతా ఒకే దారి.

ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఒకటి కాదు. కొమ్మమూరు మంచినీటి కాలువ. దాని కింద పొలాలున్నాయి, నీటి తీరువా కట్టే రైతులున్నారు. దానికి గండి పడితే తెల్లారేసరికి ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు, ఇంజనీర్లు అందరూ కట్ట మీదే. బకింగ్‌హాం కాలువది ఉప్పునీరు. సముద్రపు ఆటుపోట్లతో, మొగల (ఏర్లు సముద్రంలో కలిసే చోట్ల) నుంచి వచ్చే నీటితో నిండే కాలువ. దాని కింద ఒక్క ఎకరం పారదు. ఆయకట్టు లేని కాలువకు ఆయకట్టుదారు ఉండడు. గండి పడితే అడిగేవాడు పడవవాడు ఒక్కడే. పడవవాడు వెళ్ళిపోయిన రోజున అడిగే నోరే లేకుండా పోయింది.

ఆ పడవల కాలాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే కట్ట మీద నడక దారి అడగడం పట్నం వాళ్ళ సరదా అన్న విమర్శకు జవాబు అక్కడుంది. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే ఇద్దరు ముగ్గురు కళాసీలు గట్టు మీదికి దూకి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, పడవను లాగుతూ నడిచేవారు. ఒకడు చుక్కాని దగ్గర ఉండి పడవ గట్టుకు కొట్టుకోకుండా చూసేవాడు. లోతు తగ్గిన చోట గెడ వేసేవారు. అలా నడిచి నడిచి అరిగిన బాట కాబట్టే కట్టకు ఇరువైపులా ఎవరూ చెట్టు నాటేవారు కాదు, పాక వేసేవారు కాదు, తాడుకు అడ్డం వస్తుంది గనక. కాలువ అంటే నీరొక్కటే కాదు. మనిషి నడిచే కట్ట ఉంటేనే పడవ కదిలేది.

నదులు అడ్డం వచ్చిన చోట లాకులుండేవి. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి, ఇలా పడమటి నుంచి వచ్చే ప్రతి ఏరూ ఈ కాలువను దాటే సముద్రంలో కలవాలి. పోటు తీసినప్పుడు కాలువ నీరు జారిపోకుండా, వరద వచ్చినప్పుడు ఇసుక కాలువలో పడకుండా రెండు వైపులా తలుపులు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. తూములు ఎత్తేవారు. నీరు నెమ్మదిగా ఎక్కేదో దిగేదో, అవతలి మట్టానికి సమానమయ్యాక ముందు తలుపులు తీసేవారు. ఈ పనికి లాకు దగ్గర మనిషి కాపురం ఉండాలి. లాకుల దగ్గర ఆ జీతగాళ్ళు ఉన్నంత కాలం కాలువ బతికింది. మద్రాసు పొయ్యిల్లోకి నెల్లూరు తీరం సరుగుడు కట్టెలు, శ్రీహరికోట అడవి కట్టెలు, చినగంజాం వైపు కొటార్ల ఉప్పు, గుల్లసున్నం, చేపలు, ధాన్యం, అన్నీ ఈ దారినే పోయేవి. చెన్నైలో బేసిన్ బ్రిడ్జి అన్న పేరు ఆ పడవలు ఆగిన రేవు నుంచి వచ్చిందే.

కాలువ ఎలా పోయిందని అడిగితే అందరూ చెప్పేది తుపాన్లు. 1965, 66ల్లో వచ్చినవి, తర్వాత 1976లో వచ్చినది కట్టలు తెంపి, లాకులు పాడుచేసి, ఇసుక మేట వేశాయన్నది నిజం. అయితే ఈ తీరానికి తుపాను కొత్త కాదు. అంతకు ముందు నూరేళ్ళలో ఎన్ని వచ్చాయి! కాలువ ప్రతిసారీ లేచింది. 1976 తర్వాత లేవలేదు. అప్పటికి మద్రాసు వంటిళ్ళలోకి కిరోసిన్, గ్యాసు వచ్చేశాయి, కట్టెల పడవకు బేరం తగ్గింది. మద్రాసు–కలకత్తా ట్రంక్ రోడ్డు మీద లారీ ఒక రాత్రిలో మద్రాసు చేరుతోంది. పైగా 1953లో రాష్ట్రం విడిపోయినప్పుడు కాలువ ఇటు, దాని బజారు అటు అయ్యాయి. సరుకు తగ్గిన కాలువ మీద ఖర్చు దండగ అనుకున్నారు. తుపాను కొట్టిన దెబ్బ మానకపోవడానికి కారణం ఆ లెక్క. కాలువ విలువ అంటే దాని మీద పోయే సరుకు బరువు మాత్రమే అన్న ఆ లెక్క తర్వాత కూడా మారలేదు. నేడు మనం చూస్తున్న తగాదా అక్కడి నుంచే వచ్చింది.

పడవ లేని కాలువ భూమిగా కనిపించడం మొదలైంది. 1980ల చివర నుంచి నెల్లూరు, ప్రకాశం తీరాల్లో రొయ్యల చెరువులు లేచాయి. వాటికి ఉప్పునీరు కావాలి, తోడుకోవడానికి కాలువ పక్కనే ఉంది. వాడిన నీరు వదలడానికీ అదే కాలువ. కొన్నిచోట్ల చెరువు గట్టు ఎక్కడ మొదలైందో, కాలువ కట్ట ఎక్కడ ఆగిందో పక్కన నిలబడి చూసినా తెలియదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం చేసి చెరువులకు దారి ఇచ్చింది. చెరువుల రైతుల్లో చాలామంది చిన్నవాళ్ళు, అప్పుల మీద బతికేవాళ్ళు, వాళ్ళను దొంగలన్నట్టు మాట్లాడటం అన్యాయం. కాలువలో పూడిక తీస్తే మంచి పోటు నీరు అందేది వాళ్ళకు కూడా.

ఇప్పుడు అసలు మలుపు దగ్గరికి వద్దాం. 2004 డిసెంబరు 26. సునామీ ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత తీరమంతా తిరిగి చూసిన హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఒకరు 2005లో ఒక సంగతి రాశారు. పెదగంజాం నుంచి చెన్నై దాకా దాదాపు 310 కిలోమీటర్ల పొడవునా సముద్రానికి సమాంతరంగా ఉన్న ఈ కాలువ అలల నీటిని తనలోకి తీసుకుంది. కాలువ నిండింది, కొన్నిచోట్ల పొంగింది, పది పదిహేను నిమిషాల్లో నీరు సముద్రం వైపు మళ్ళింది. కాలువకు పడమట ఉన్న పల్లెలకు అదే అడ్డు నిలిచింది. పూడికతో, గండ్లతో, తుమ్మ పొదలతో ఉన్న కాలువే ఆ పని చేసింది.

ఒక్క టన్ను సరుకు మోయకుండానే కాలువకు ఒక పని ఉందని ఆ రోజు కళ్ళారా కనిపించింది. మరమ్మతుకు ఇంతకన్నా బలమైన కారణం దొరకదు. తీరం రక్షణ పద్దు కిందే పూడిక తీసి, కట్టలు బలపరిచి ఉంటే, ఆ లోతులో వేట పడవలు వాటంతటవే తిరిగేవి, ఆ కట్ట మీద జనం నడిచేవారు, మళ్ళీ ఉప్పెన వస్తే పరుగెత్తడానికి అదే దారి అయ్యేది. ఆ దారి పట్టలేదు. నాలుగేళ్ళు తిరక్కుండా, 2008 నవంబరులో, కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది. తీర ప్రజలు అప్పుడు సంతోషించారు, అందులో తప్పులేదు. కాలువ పేరు ఢిల్లీలో వినిపించడమే గొప్పగా తోచింది.

ఆ చట్టంతో కాలువకు మళ్ళీ పాత కొలతే వచ్చింది: ఎన్ని టన్నులు? సరుకు పడవకు తగ్గ వెడల్పు కావాలంటే భూసేకరణ, వందల కొద్దీ వంతెనల మార్పు, లాకుల పునర్నిర్మాణం. అంత డబ్బు ఒకేసారి రాదు గనక దశలుగా విడగొట్టారు. మొదటి దశ కృష్ణానదిలో ముక్త్యాల–విజయవాడ మధ్య 82 కిలోమీటర్లు. రెండో దశ విజయవాడ–కాకినాడ, రాజమండ్రి–పోలవరం. కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలు మూడో దశలోకి, అంటే చిట్టచివరికి పోయాయి. 2016 నాటి కొత్త చట్టంలో జలమార్గం పొడవు 2,890 కిలోమీటర్లకు పెరిగింది, రెండున్నర రెట్ల పైమాట. 2017 అక్టోబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు మొదటి దశకు శంకుస్థాపన చేశారు. ఏ కాలువ పేరు చెప్పి జలమార్గం పుట్టిందో ఆ కాలువ వంతు రాలేదు.

దీనివల్ల జరిగిన నష్టం డబ్బు రాకపోవడం ఒక్కటే కాదు. చిన్న మరమ్మతుకు ఎవరు బాధ్యులన్నది తేలకుండా పోయింది. కట్ట, భూమి రాష్ట్ర జలవనరుల శాఖవి. పడవల దారి కేంద్రం కిందికి, అంతర్గత జలమార్గాల సంస్థ కిందికి వెళ్ళింది. పెద్ద పథకం వస్తున్నచోట చిన్న పని ఎందుకని రాష్ట్రం అనుకోవచ్చు, మా దశ ఇంకా రాలేదని కేంద్రం అనుకోవచ్చు. ఈలోగా ప్రతి వానాకాలానికీ పూడిక పెరుగుతుంది, ప్రతి వేసవికీ కట్ట కొంచెం సన్నబడుతుంది.

సరుకు వాదన చేసేవాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. నీటి మీద రవాణాకు చమురు తక్కువ పడుతుంది, హైవే మీద బరువు తగ్గుతుంది. కృష్ణా, గోదావరుల్లో ఆ పని సాగితే మంచిదే. బకింగ్‌హాం కాలువ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు దాటేసే చోటు ఒకటుంది, అది చెన్నై. 1995లో బీచ్ నుంచి చేపాక్‌కు మొదలై, 1997లో తిరుమయిలైకి, 2007లో వేళచ్చేరికి చేరిన పట్టణ రైలు మార్గం చాలా దూరం ఈ కాలువను పట్టుకునే వెళ్ళింది. స్తంభాలు కాలువలోనే దిగాయి, స్టేషన్లు కాలువ మీదే లేచాయి. 25 మీటర్ల వెడల్పున్న కాలువ కొన్నిచోట్ల 10 మీటర్లకు కుదించుకుపోయింది. కాకినాడలో ఎక్కించిన సరుకు ఆ స్తంభాల మధ్య నుంచి పుదుచ్చేరికి ఎలా పోతుందో ఇంతవరకూ ఎవరూ నమ్మేలా చెప్పలేదు. అటు శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం ఉంది, దాని భద్రత నియమాలు దానివి. దారి పొడవునా తెగకుండా సాగాలన్నది ఈ పథకానికి ప్రాణం. ఆ దారి 1990ల్లోనే తెగింది.

ఊళ్ళవాళ్ళ కోరికకు ఆ చిక్కు లేదు. పెదగంజాం నుంచి కొత్తపట్నం వైపు ఇరవై కిలోమీటర్లు బాగుచేసినా ఆ ఇరవై కిలోమీటర్లకూ పనికొస్తుంది. పులికాట్ దాకా ఆగనక్కర్లేదు, చెన్నై ఒప్పుకోనక్కర్లేదు. వలకు వెళ్ళే చిన్న పడవకు, నాలుగు కుటుంబాలను తిప్పే విహార పడవకు భూసేకరణతో పని లేదు, ఉన్న వెడల్పులోనే లోతు చాలు. పాత లాకుల్లో రాతికట్టు నిలిచిన చోట తలుపులు బిగిస్తే సరి.

అయితే ఏ టెండరు పిలిచేముందైనా ఒక పని జరగాలి. పాత రెవెన్యూ పటాలు ముందుపెట్టుకుని కాలువ పోరంబోకు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో, రెండు కట్టలనూ కలిపి కొలిచి హద్దు రాళ్ళు పాతాలి. కట్ట మీద పాక వేసుకున్న యానాదులకు, ఇల్లు లేని మత్స్యకారులకు వేరేచోట స్థలం చూపించాకే వాళ్ళను కదిలించాలి. చెరువు గట్లు లోపలికి వచ్చిన చోట చెరువు వెనక్కి జరగాలి. ఆ కొలత లేకుండా పూడిక తీస్తే తీసిన మట్టి పక్క చెరువు గట్టుకే చేరుతుంది, కాలువ మరో రెండు మీటర్లు ఇరుకవుతుంది. సర్వేకు కేంద్రం అనుమతి అక్కర్లేదు, మూడో దశ వచ్చేదాకా ఆగక్కర్లేదు. జిల్లా యంత్రాంగం తలచుకుంటే ఈ ఎండాకాలమే మొదలుపెట్టవచ్చు.