మెలోట్రాన్ నాటి పేచీ

2025లో స్పాటిఫైలో వెల్వెట్ సన్‌డౌన్ అనే రాక్ బ్యాండుకు కొద్ది వారాల్లోనే లక్షల మంది శ్రోతలు పోగయ్యారు. తీరా చూస్తే ఆ పాటలు ఏఐతో తయారైనవి. "ఇక వాయించేవాళ్ళ గతేమిటి?" అని మళ్ళీ గొడవ లేచింది. రాక్ సంగీతంలో ఈ గొడవ వయసు అరవయ్యేళ్ళ పైమాటే.

ఎలక్ట్రానిక్ కీబోర్డు కొత్తగా వచ్చిన రోజుల్లో మాత్రం ఇంత రగడ లేదు. 1962లో టోర్నడోస్ బృందం 'టెల్‌స్టార్' ట్యూనును క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయిస్తే జనం వింతగా విని మెచ్చుకున్నారు. (మన దేశంలో అప్పటికే అది పాతది. 1954 నాటి హిందీ 'నాగిన్'లో పాములవాడి నాగస్వరం అనుకుని అందరూ విన్నది కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్‌నే.)

అసలు పేచీ మెలోట్రాన్‌తో వచ్చింది. 1963లో బర్మింగ్‌హామ్‌లో తయారైన ఈ పెట్టెలో ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. దాని మీద నిజం వేణువో, వయొలిన్లో ముందే రికార్డై ఉంటాయి. కీ నొక్కితే టేపు కదిలి మోగుతుంది. ఎనిమిది సెకన్లు గడిచాయా, టేపు అయిపోయి శబ్దం ఠక్కున ఆగిపోతుంది. వేలెత్తితే స్ప్రింగు టేపును వెనక్కి లాగేస్తుంది. 1967లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' ఎత్తుగడలో వినబడే వేణువులు ఇందులోవే. పాట రికార్డు చేసిన గదిలో వేణువు పట్టుకున్న మనిషి లేడు. బ్రిటన్ సంగీతకారుల సంఘానికి ఈ పెట్టె కంటగింపు కాక ఏమవుతుంది?

1964లో రాబర్ట్ మూగ్ అమెరికాలో తెచ్చిన సింథసైజర్ (శబ్దాన్ని కరెంటుతోనే పుట్టించే వాద్యం) దారి వేరు. రాక్ వాళ్ళు దాన్ని ఎక్కువగా అంతకుముందు లేని శబ్దాల కోసమే వాడుకున్నారు. 1970లో కీత్ ఎమర్సన్ 'లక్కీ మ్యాన్' చివర వాయించిన మూగ్ సోలో ఎవరి పొట్టా కొట్టలేదు. 1973లో పింక్ ఫ్లాయిడ్ 'ఆన్ ద రన్'లో ఎనిమిది స్వరాల వరసను ఈఎంఎస్ కంపెనీ వారి 'సింథి' అనే సింథసైజర్ గిర్రున తిప్పితే, ఫలానా వాద్యం పని పోయిందని ఎవరంటారు? నన్నడిగితే, యంత్రం మనిషి వేషం కట్టినప్పుడే తగువు ముదిరింది.

పరువు గోల ఇంకొకటి. క్వీన్ బృందం 1970లలో చాలా ఆల్బమ్‌ల అట్టల మీద "సింథసైజర్లు వాడలేదు" అని అచ్చు వేయించుకుంది. బ్రయాన్ మే (బృందం గిటారిస్టు) పొరలు పొరలుగా పేర్చిన గిటార్లను జనం యంత్రం అనుకుంటారని భయం. 1980లో 'ద గేమ్'తో వాళ్ళూ ఒబర్‌హైమ్ సింథసైజర్ కొన్నారు.

1982 మేలో బ్రిటన్ సంగీతకారుల సంఘం సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లనూ, డ్రమ్ముల దరువు తామే వేసే డ్రమ్ మెషీన్లనూ నిషేధించాలంటూ తీర్మానం పెట్టింది. అమెరికన్ గాయకుడు బ్యారీ మానిలో తన టూరులో ఆర్కెస్ట్రా బదులు సింథసైజర్లు పెట్టుకోవడం దానికి నిప్పంటించింది. నిషేధం అమలైతే కాలేదు. మరుసటేడే మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి) వచ్చి, వేర్వేరు కంపెనీల కీబోర్డులనూ డ్రమ్ మెషీన్లనూ ఒకే మనిషి చేతికిచ్చింది. 1984లో గిటార్ వీరుడు ఎడ్డీ వాన్ హాలెన్ కూడా 'జంప్'ను కీబోర్డుతోనే ఎత్తుకున్నాడు.

ఇప్పటి తగవులో ఒక తేడా ఉంది. మెలోట్రాన్ టేపుల కోసం వాయించినవాళ్ళు స్టూడియోకు పిలిస్తే వచ్చి వాయించారు. ఏఐ మాత్రం పాత రికార్డింగులను అడక్కుండానే మింగిందని ఆరోపణ. 2024 జూన్‌లో పెద్ద రికార్డు కంపెనీలు ఏఐతో పాటలు తయారుచేసే సునో, యూడియో కంపెనీల మీద కోర్టుకెక్కింది అందుకే. వాటిలో కొన్ని 2025లో రాజీకి వచ్చి లైసెన్సు ఒప్పందాలు రాసుకున్నాయి.