పరిశోధనకు చందా అంటే ఎందుకంత భయం?

కావలి దగ్గర రొయ్యల గుంటలు చేసుకునే ఒకాయన కొడుక్కి లుకేమియా (రక్త క్యాన్సర్) తగ్గింది. మందులు ఆపి కూడా చాలాకాలమైంది. ఆలుమగలిద్దరూ పిల్లల క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేద్దామని వాట్సాప్ గ్రూపు పెట్టారు. బంధువులు వెంటనే అందుకున్నారు: "మందులకంటే ఇస్తాం గానీ పరిశోధనకేంది? పిల్లకాయల మీద ప్రయోగాలు చేసేదానికి మనం డబ్బులియ్యాలా?" ఆమె నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వే ఏదన్నా రాసియ్యి, గ్రూపులో పెడతా" అంది. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుని. ఈ మాట విని విని విసుగొచ్చింది.

అపోహ: పరిశోధన అంటే మన బిడ్డ మీద కొత్త మందు ప్రయోగించడం.

వాస్తవం: పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకం ఏఎల్ఎల్‌కి వాడే మందుల్లో చాలావరకు మీ అమ్మానాన్నలంత వయసున్నవే. 1947లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇవ్వడం మొదలుపెట్టాడు. దాన్ని తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లేడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం. 1948లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది, అదీ కొన్నాళ్ళే. మీ పిల్లలు వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ ఆ మందు కుటుంబంలోదే. అప్పట్లో లుకేమియా వస్తే ఆశలు వదులుకునేవాళ్ళు. ఇప్పుడు ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బయటపడుతున్నారు. ఏ మందుతో ఏది కలపాలి, ఎంత డోసు, ఎన్ని నెలలు, వెన్నులో ఇంజెక్షన్ ఎప్పుడెప్పుడు, ఈ లెక్కలన్నీ తేల్చింది పరిశోధనే.

"రక్తంలో కౌంట్స్ నార్మల్ అయినాయి గదా సిస్టర్, ఇంకా మాత్రలెందుకు?" అని అడగని తల్లి లేదు. మైక్రోస్కోపుకు కనపడకపోయినా ఎముక మజ్జలో కోట్ల క్యాన్సర్ కణాలు మిగిలి ఉండొచ్చు. మెయింటెనెన్స్ (చివర్లో నెలల తరబడి మాత్రలు వాడే దశ) మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అన్నీ కలిపి రెండు మూడేళ్ళ వైద్యం అనేది ఎవరో ఊహించి రాసింది కాదు. ట్రయల్స్‌లో, అంటే వైద్య పద్ధతుల్ని పోల్చి చూసే అధ్యయనాల్లో, చేరిన పిల్లల వల్ల తెలిసింది.

ఈ అపోహ చందాల దగ్గరే ఆగితే నాకింత బాధ లేదు. అధ్యయనం తాలూకు సమ్మతి పత్రం చూపిస్తే చాలు, కొందరు ఆ పూటే డిశ్చార్జ్ అడుగుతారు. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, "సంతకం పెడితే బిడ్డకేమైనా అడిగేదానికి లేదంట" అని ఎవరో అన్న మాట నమ్మి పాపను తీసుకుపోయాడు. పసరు మందు పెట్టించాడు. మళ్ళీ వచ్చేసరికి పాప కూర్చోలేని స్థితిలో ఉంది. ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు, భయపడ్డ మనిషి. ఆ మాట పుట్టించినవాడు దొరికితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

అసలు సంగతి ఇది. రోగుల క్షేమం, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే అధ్యయనం మొదలుకాదు. మీరు చేరకపోయినా మామూలు వైద్యం ఆగదు. చేరాక వద్దనిపిస్తే తప్పుకోవచ్చు. ఏడేళ్ళు దాటిన బిడ్డనైతే వాణ్ణీ అడగాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. క్యాన్సర్ వైద్యం మానేసి ఉత్తుత్తి మాత్రలు ఇవ్వరు. అనుమానముంటే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ట్రయల్ నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

అపోహ: పరిశోధన అమెరికావాళ్ళు చేస్తారులే.

వాస్తవం: అక్కడి డోసును ఇక్కడి బిడ్డ తట్టుకోవాలిగా. రక్తం తక్కువగా, బరువు తక్కువగా వచ్చే మన పిల్లలు కీమో మధ్యలో ఇన్‌ఫెక్షన్లకే ఎక్కువగా పోతున్నారు. అందుకే ముంబయి టాటా మెమోరియల్ లాంటి ఆస్పత్రులు కలిసి ఐసికిల్ అనే ట్రయల్ పెట్టుకున్నాయి. అందులోనూ పోల్చేది ఎక్కువగా పాత మందులనే.

మిగతావి గబగబా చెప్తా. క్యాన్సర్ అంటుకోదు, పక్కన కూర్చోనివ్వండి. ఎన్టీఆర్ వైద్య సేవ వైద్యానికి డబ్బిస్తుంది, పరిశోధనకు కాదు. రొట్టెల పండక్కి ఆ గ్రూపు పెట్టిన తల్లి నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంది, బిడ్డ కోలుకున్నాక వెళ్ళి ఇచ్చొచ్చింది కూడా. మాత్ర మానకపోతే నాకే అభ్యంతరమూ లేదు.

డబ్బు విషయంలో బంధువుల అనుమానం న్యాయమైనదే. సొంత క్యూఆర్ కోడ్ పెట్టి వసూలు చేయొద్దని ఆ ఆలుమగలకు చెప్పాను. పరిశోధన నిధికి విడిగా లెక్క చూపించే ఆస్పత్రి ఖాతాకే నేరుగా పంపమనండి, రసీదు ఇచ్చినవాళ్ళ పేరునే వస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మామయ్య పంపాలంటే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇక ఫొటో. గుండు చేసిన బిడ్డ బొమ్మ పెట్టకపోతే ఎవరూ ఇవ్వరని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడట. ఆ పిల్లాడిప్పుడు బడికి పోతున్నాడు, జుట్టు ఒత్తుగా వచ్చింది, క్లాసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఫొటో వద్దన్నాను. ఆమె ఈ నెల రసీదులు మాత్రమే గ్రూపులో పెట్టింది.