పాత స్పోర్ట్స్ కారు ముందు ఆయిల్ సీళ్ళు: అపోహలు - వాస్తవాలు

పాత కార్ల ఇంజిన్లు విప్పి బిగించడం నా పని. ఎక్కువగా నా చేతికి వచ్చేది పోర్షే 944. 1982 నుంచి 1991 దాకా అమ్ముడైన ఈ కారులో నాలుగు సిలిండర్ల ఇంజిన్, దాని వణుకు తగ్గించడానికి రెండు బ్యాలెన్స్ షాఫ్టులు ఉంటాయి. కాబట్టి ముందువైపు, తిరిగే షాఫ్టుల చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగులు, అంటే సీళ్ళు, నాలుగు ఉంటాయి: పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కి క్రాంక్ సీల్, వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్‌కి కామ్ సీల్, బ్యాలెన్స్ షాఫ్టులకు చెరొకటి. ఇంట్లోనే మార్చుకుందామనుకునేవాళ్ళ నోట నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇంజిన్ ముందు ఆయిల్ కనిపిస్తే క్రాంక్ సీల్ పోయినట్టే.

ఆయిల్ కిందికి జారుతుంది. ముందువైపు బాగా కింద ఉండేది క్రాంక్ పుల్లీ. పైన కామ్ దగ్గర కారినా, పక్కన బ్యాలెన్స్ షాఫ్ట్ దగ్గర కారినా చివరికి తడిసేది అదే. కారు నడిచేటప్పుడు గాలి ఆ ఆయిల్‌ని వెనక్కి కూడా తీసుకుపోతుంది. అందుకే ముందు ఇంజిన్‌ని డీగ్రీజర్‌తో శుభ్రంగా కడగండి. నాలుగు రోజులు నడిపాక టార్చ్ వేసి, తడి ఎక్కడ మొదలైందో పైనుంచి కిందికి చూడండి. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటుతో చూడొచ్చు.

కొత్తలో నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. నాలుగు సీళ్ళూ మార్చి, అన్నీ బిగించి, చేతులు కడుక్కున్నాను. వారానికే మళ్ళీ చుక్కలు. బ్యాలెన్స్ షాఫ్ట్ సీల్ నేరుగా షాఫ్ట్ మీద కూర్చోదు, షాఫ్ట్‌కి తొడిగిన చిన్న స్లీవ్ మీద కూర్చుంటుంది. ఆ స్లీవ్ లోపల ఓ-రింగ్ అనే చిన్న రబ్బరు వలయం ఉంటుంది. సీల్ కొత్తదే, ఓ-రింగ్ మాత్రం పాతది, గట్టిపడి చదునైపోయింది. ఆయిల్, సీల్‌ని ముట్టుకోకుండా, స్లీవ్ కింద నుంచి దర్జాగా బయటికి వచ్చేసింది. రెండు రోజుల పని మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంకో సంగతి. ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టాలు పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీల్ నుంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. సీళ్ళు కొనేముందు ఆ గొట్టాలు విప్పి చూడండి. ఖర్చు లేని పని.

అపోహ: బెల్ట్‌కి అంటిన ఆయిల్ తుడిస్తే సరిపోతుంది.

సరిపోదు. ఈ సీళ్ళ ముందే రెండు రబ్బరు బెల్టులుంటాయి: కామ్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్, బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పే బ్యాలెన్స్ బెల్ట్. రబ్బరు ఆయిల్‌ని పీల్చుకుని మెత్తబడుతుంది, పళ్ళు ఊడతాయి. 944లో టైమింగ్ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ ఖర్చు ముందు బెల్ట్ ధర ఓ లెక్క కాదు. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. ఇంతదాకా విప్పినప్పుడు రెండు బెల్టులు, రోలర్లు, పంపు కూడా మార్చేయమనే చెబుతాను. అన్నీ అమ్ముకోవడానికి చెప్తున్నానని కొందరు అనుకుంటారు. మీ పంపు వయసెంతో మీకు కచ్చితంగా తెలిస్తే వదిలేయండి.

అపోహ: సీల్‌ని చివరిదాకా దిగ్గొట్టాలి, చుట్టూ సీలెంట్ పూయాలి.

అసలు పని ఉన్నది ఇక్కడే. పాత సీల్ తీసేముందు అది ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకోండి. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో షాఫ్ట్ వైపు నుంచి ఎత్తకండి. వెంట్రుకంత గీత పడినా కొత్త సీల్ అక్కడే కారుతుంది. నేనైతే సీల్ ఇనుప భాగంలో చిన్న స్క్రూ బిగించి, ప్లయర్‌తో నిటారుగా లాగుతాను.

తర్వాత షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోరుతో గీసి చూడండి. గోరు ఆగితే గాడి పడిందన్నమాట. బ్యాలెన్స్ షాఫ్టులు క్రాంక్ కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతాయి. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో ఉంటే అవి 12,000లో ఉంటాయి. అందుకే అక్కడి స్లీవులు అరిగి ఉండటం మామూలే, వాటిని మార్చేయాలి. వేరే చోట గాడి లోతు తక్కువైతే, చోటున్నంతలో సీల్‌ని ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెడితే లిప్, అంటే షాఫ్ట్‌ని తాకే అంచు, కొత్త జాగాలో ఆనుతుంది. వెనకున్న ఆయిల్ దారి మూసుకుపోకుండా చూసుకోండి.

సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి. మామూలు రబ్బరు లిప్‌కి కాస్త ఆయిల్ రాసి ఎక్కించాలి. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సీల్‌ని మాత్రం పొడిగానే ఎక్కించాలి. సరైన సైజు సాకెట్‌ని అడ్డుపెట్టి చిన్నగా తడుతూ దింపండి. బయటి అంచు రబ్బరుదైతే సీలెంట్ అక్కర్లేదు. ఎక్కువ పూస్తే అది లోపలికి వెళ్ళి లిప్‌కే అంటుకుంటుంది.

అపోహ: క్రాంక్ బోల్టుని స్టార్టర్ మోటార్ తిప్పి వదులు చేయొచ్చు.

పొడవాటి రాడ్‌ని ఛాసిస్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టడమన్నమాట. రాడ్ జారితే చేతికో ముఖానికో తగులుతుంది. బ్యాటరీ తీసేసి, ఇంజిన్ తిరగకుండా పట్టే ఫ్లైవీల్ లాక్ బిగించి పని చేయండి. బిగించేటప్పుడు 944కి కావలసింది 210 న్యూటన్ మీటర్లు. ఇంపాక్ట్ గన్ విప్పడానికి పనికొస్తుంది కానీ ఇంత కచ్చితంగా బిగించలేదు. కామ్ బోల్టుని కూడా బెల్ట్ ఆధారంతో బిగించకండి.

అపోహ: బెల్ట్ టెన్షన్ బొటనవేలితో చూస్తే చాలు.

ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ వేలు వేరు. మొదటిసారి చేసేవాళ్ళు టెన్షన్ కొలిచే గేజ్ అద్దెకైనా తెచ్చుకోవాలి. బ్యాలెన్స్ బెల్ట్ టైమింగ్ బెల్ట్ కన్నా వదులుగా ఉండాలి. రెండూ ఒకేలా బిగిస్తే బేరింగులు అరుస్తాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. తర్వాత క్రాంక్‌ని చేత్తో, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, రెండు చుట్లు తిప్పి టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపండి.

అపోహ: లీకులు ఆపే ద్రావకం పోస్తే పని తప్పుతుంది.

అది రబ్బరుని కొంచెం ఉబ్బిస్తుంది. కొన్నాళ్ళు ఆగొచ్చు. గాడి పడిన స్లీవ్‌ని మాత్రం ఏం చేయలేదు.

ఇక తీసేసిన పాత సీళ్ళని వెంటనే పారేయకండి. లిప్‌ని వేళ్ళతో వంచి చూడండి. గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటే వయసైపోయిందని అర్థం. ఇంకా మెత్తగా ఉండి కూడా కారిందంటే సీల్‌ని అనుమానించడం మాని, బిగించేముందే స్లీవునీ ఓ-రింగునీ బ్రీదర్‌నీ మరోసారి చూడండి.