నిద్రమాత్రలు: పది రోజుల చీటీ, ఆరేళ్ల వాడకం

మా ఓపీకి వచ్చే పెద్దవాళ్ల సంచుల్లో తరచూ ఒక పాత చీటీ కనిపిస్తుంది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి ఉంటుంది. ‘అల్ప్రాజోలం 0.5, రాత్రికి ఒకటి, పది రోజులు’. ఆ పది రోజులు ఆరేళ్లయి ఉంటాయి. మందును తిట్టను, నేనూ రాస్తాను. నా పేచీ ఆ చీటీతోనే.

అపోహ: చిన్న మాత్రే కదా, ఎన్నాళ్లు వేసుకున్నా ఫరవాలేదు.

వాస్తవం: అల్ప్రాజోలం, క్లొనాజెపాం, లోరాజెపాం ఒక గూటి పక్షులే. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలం చేకూరుస్తాయి. కొన్ని వారాలకే శరీరం వాటికి అలవాటు పడుతుంది. అందుకే రెండు నుంచి నాలుగు వారాలు దాటనివ్వం. పెద్దవయసులో మరో భయం, అర్ధరాత్రి బాత్రూంకని లేచి తూలిపడడం.

అపోహ: అలవాటైందని తెలిస్తే ఆ రోజే మానేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ పౌరుషమే. ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర మునుపటికన్నా చెడుతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు, దుకాణం మూతపడగానే ఆసుపత్రుల పాలవడానికి కారణం ఇదే. మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. చివరి పావు మాత్ర మానడమే చాలామందికి కష్టం. గోటితో విరిచిన ఆ ముక్కను దిండు కింద పెట్టుకుని పడుకునేవారూ ఉన్నారు. పెట్టుకోనివ్వండి, నవ్వకండి.

అపోహ: జోల్పిడెం అనే నిద్రమాత్ర అలవాటు కాదు.

వాస్తవం: అవుతుంది. ఆడవారిలో మర్నాటి ఉదయానికీ రక్తంలో ఎక్కువగా మిగులుతోందని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవారి మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. మాత్ర వేసుకుని టీవీ ముందు కూర్చోకండి, నేరుగా పక్క ఎక్కండి.

అపోహ: మాత్రతో పాటు ఒక పెగ్గు పడితే ఇంకా మంచి నిద్ర.

వాస్తవం: రెండూ కలిస్తే శ్వాస ఆగవచ్చు.

అపోహ: గురక పెడుతున్నారంటే గాఢంగా నిద్రపోతున్నట్టే.

వాస్తవం: గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అప్పుడు నిద్రమాత్ర హాని చేయవచ్చు. వచ్చేటప్పుడు ఆ గురకను ఫోనులో రికార్డు చేసి తీసుకురండి. పాత చీటీ కూడా.