పాస్‌వర్డ్‌ల సింక్: నా షాపులో రోజూ వినే అపోహలు

హనుమకొండ నయీంనగర్‌లో కంప్యూటర్లు రిపేరు చేస్తాను. ఫార్మాట్ కోసం సిస్టమ్ తెచ్చినవాళ్లు ముందు ఫొటోల గురించి అడుగుతారు, ఆ వెంటనే పాస్‌వర్డ్‌ల గురించి. సింక్ అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు (దాచుకున్న సైట్ల లింకులు) మన అకౌంట్ ద్వారా ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా ఉండేలా చేయడం.

అపోహ: బ్రౌజర్‌లో దాచడం కంటే డైరీ నయం.

వాస్తవం: ఇంట్లో ఉన్న డైరీ చెడ్డదేం కాదు. కానీ ప్రతిసారీ చూసి టైప్ చేయాలి కాబట్టి చాలామంది అన్నిటికీ ఒకటే పెడతారు: పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం. ఒక్క సైటు నుంచి అది బయటపడితే అన్నీ పోయినట్టే. బ్రౌజర్ ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ పెట్టి గుర్తుంచుకుంటుంది. పైగా బ్యాంకు పేరుతో దొంగ లింకు వస్తే మన కళ్లు మోసపోతాయి గానీ బ్రౌజర్ అడ్రస్ వేరని చూసి పాస్‌వర్డ్ నింపకుండా ఊరుకుంటుంది. రోజూ దానంతటదే నిండే చోట నిండలేదంటే అక్కడే ఆగండి.

అపోహ: "అన్నా, నెట్ సెంటర్‌ల లాగవుట్ చేసిన, ఇంకేం కాదు కదా?"

వాస్తవం: నిరుడు ఒక నెట్ సెంటర్ వాళ్లు స్లో అయిందని సిస్టమ్ తెచ్చారు. క్రోమ్ తెరిస్తే పదకొండు ప్రొఫైళ్లు! స్కాలర్‌షిప్ ఫారం నింపడానికొచ్చి, మెమో కోసం జీమెయిల్ తెరిచి, సింక్ అడిగితే సరే అని నొక్కిన పిల్లలవి. ఒకదాంట్లో బ్యాంకు లాగిన్ పేజీలో యూజర్ పేరు, పక్కన నల్ల చుక్కలు నిండి ఉన్నాయి. ఎంటర్ నొక్కడమే తరువాయి. నాకు చెమటలు పట్టాయి. ఓనర్‌ను పిలిచి, ఆయన ముందే ఒక్కొక్కటీ తీసేశాను. ఆ పిల్లలకు ఈ సంగతే తెలియదు.

సింక్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్‌ల కాపీ ఆ కంప్యూటర్‌లోకి దిగుతుంది. తర్వాత ఇంటి నుంచి ఫోన్‌లో లాగవుట్ కొట్టినా, దిగినవి అక్కడే ఉండిపోవచ్చు. అలా జరిగిందని అనుమానముంటే పాస్‌వర్డ్‌లు మార్చేయండి, ముందు జీమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. బయటి కంప్యూటర్‌లో గెస్ట్ విండో (మూసేయగానే మన లాగిన్‌లు చెరిగిపోయేది) వాడండి.

అపోహ: సింక్ చేసే కంపెనీవాళ్లు మన పాస్‌వర్డ్‌లు చదవలేరు.

వాస్తవం: ఎవరూ చదవకుండా డేటాకు వేసే తాళం చెవి ఎవరి దగ్గరుందో దాన్నిబట్టి. ఫైర్‌ఫాక్స్ సింక్‌లో డేటా మన దగ్గరే తాళం పడి వెళ్తుంది, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా చదవలేదు. అందుకే అకౌంట్ పాస్‌వర్డ్ మరిచి రీసెట్ చేస్తే సర్వర్‌లోది పోతుంది. రికవరీ కీ (పాస్‌వర్డ్ మరిచినా డేటా తిరిగి తెరిచే కోడ్) ముందే దించి పెట్టుకోవాలి. క్రోమ్‌లో మామూలుగా చెవి గూగుల్ దగ్గరే ఉంటుంది. సింక్‌కు వేరుగా సొంత పాస్‌ఫ్రేజ్ (రహస్య పదాలు) పెట్టుకుంటే గూగుల్ కూడా చదవలేదు, మరిచిపోతే తిరిగి ఇవ్వనూ లేదు. 2022లో పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే లాస్ట్‌పాస్ అనే సర్వీసు నుంచి కస్టమర్ల పాస్‌వర్డ్ ఖజానాల కాపీలు దొంగల చేతికి పోయాయి. పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది గానీ సైట్ల అడ్రస్‌లకు లేదు. ఖజానా తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్లకే ఎక్కువ భయం. మీ జీమెయిల్‌కు రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో నిర్ధారణ అడిగేది) ఈ రోజే పెట్టండి.

అపోహ: సింక్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: కాదు. ఫోన్‌లో పొరపాటున తీసేసిన బుక్‌మార్క్ ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. సర్వీసే ఆగిపోవచ్చు కూడా: బుక్‌మార్క్‌లు సింక్ చేసే ఎక్స్‌మార్క్స్ అనే సర్వీసు 2018లో మూతపడింది. అప్పుడప్పుడు బుక్‌మార్క్‌లను ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పాస్‌వర్డ్‌లను మాత్రం అలా తీసి డెస్క్‌టాప్ మీద వదలొద్దు. ఆ ఫైలుకు తాళం ఉండదు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అన్నీ కనిపిస్తాయి.