కొనేవాళ్ల ఇంగ్లిష్ మెయిల్ చదివేటప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

మిర్యాలగూడ రైస్ మిల్లులోనో, గద్వాల, నారాయణపేట చీరల షాపులోనో లెక్కలు రాయడానికి చేరితే, బయటిదేశం మెయిళ్లు చదివే పని ముందు మీ మీదే పడుతుంది. అంతకుముందు ఏం మాట్లాడుకున్నారో మీకు తెలియదు. అడుగుదామంటే అవతల అర్ధరాత్రి. అప్పుడు ఏదైనా మాట సరిగ్గా అర్థం కాకపోతే డిక్షనరీ తీయకండి బిడ్డా. ఆ మాట ఏ కాగితం మీద ఉంది, రాసింది ఏ దేశంవాళ్లు, ముందు ఈ రెండూ చూడండి.

'అబౌట్ 500 టన్స్' అని వచ్చిందనుకోండి. మామూలు మెయిల్‌లో ఉంటే 'అబౌట్'కు లెక్కంటూ లేదు, అడగాల్సిందే. అదే మాట బ్యాంకు ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తామని కొనేవాళ్ల బ్యాంకు రాసిచ్చే హామీ) ఉండి, ఆ ఎల్‌సీ యూసీపీ 600 (ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలు) కిందిదైతే లెక్క ఖాయం: 10 శాతం అటూ ఇటూ, అంటే 450 నుంచి 550 దాకా. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 'అబౌట్' బరువు పక్కన ఉండి, డబ్బు పక్కన లేకపోతే సడలింపు బరువుకే. 550 టన్నులు ఎక్కించినా బ్యాంకు ఎల్‌సీలో ఉన్న మొత్తానికి మించి ఇవ్వదు. 50 టన్నుల పైకం కోసం కొనేవాళ్ల వెంట పడాల్సి వస్తుంది.

తేదీలకూ ఆ నియమాల్లో లెక్కుంది. షిప్‌మెంట్ 'ఆన్ ఆర్ అబౌట్ మే 10' అంటే మే 5 నుంచి 15 దాకా, ఆ రెండు రోజులూ కలిపి. 'బిగినింగ్ ఆఫ్ మే' అంటే 1 నుంచి 10, 'మిడిల్' 11 నుంచి 20, 'ఎండ్' 21 నుంచి నెలాఖరు. 'ప్రాంప్ట్', 'యాజ్ సూన్ యాజ్ పాజిబుల్' లాంటి మాటలను మాత్రం బ్యాంకు లెక్కలోకే తీసుకోదు. కాబట్టి గడువు అంటే తేదీ ఉండాల్సిందే.

ఇక 'టన్' సంగతి. అమెరికావాళ్ల టన్ను సుమారు 907 కిలోలు, బ్రిటన్ పాత టన్ను 1016, మనది 1000. అవతలివాళ్లు అమెరికా టన్నులు అనుకుంటే 500 టన్నుల మీద 46 టన్నులకు పైగా తేడా. 50 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 928 బస్తాలు! 'మెట్రిక్' అన్న మాట లేకపోతే బస్తాలు కుట్టించకండి.

05/06 అని రాస్తే అమెరికావాళ్లకు మే 6, బ్రిటన్‌వాళ్లకు జూన్ 5. అదే మనిషి పాత మెయిళ్లలో 12 దాటిన అంకె ఎక్కడుందో వెతకండి. 05/23 కనబడితే నెల ముందు రాసే మనిషన్నమాట. 'ఈఓడీ' (ఎండ్ ఆఫ్ డే, అంటే పనిరోజు ముగిసేలోపు) కూడా అంతే, రాసినవాళ్ల ఊరి గడియారాన్ని బట్టే. న్యూయార్క్‌లో సాయంత్రం 5 అంటే మనకు తెల్లారుజామున 2:30, చలికాలంలో 3:30. 'ఎఫ్‌ఓబీ' (ఫ్రీ ఆన్ బోర్డ్, అంటే సరుకు ఓడ ఎక్కించి ఇచ్చే ధర) పక్కన రేవు పేరుండాలి. 'ఎఫ్‌ఓబీ కాకినాడ, ఇన్‌కోటర్మ్స్ 2020' (ఖర్చూ, పూచీ ఎవరివో చెప్పే అంతర్జాతీయ నియమాలు) అని ఉంటే ఓడ ఎక్కించేదాకా ఖర్చూ, పూచీ మనవి. రేవు పేరే లేకపోతే ధర చెప్పకండి.

అడిగేటప్పుడు 'మీ ఉద్దేశమేంటి' అని అడిగితే మళ్లీ అదే మాట తిరిగొస్తుంది. మీకు అర్థమైంది అంకెలతో రాయండి: '500 మెట్రిక్ టన్నులు, 50 కిలోల బస్తాలు 10,000, షిప్‌మెంట్ 2026 మే 15 లోపు. అవునా కాదా చెప్పండి.' నెల పేరు అక్షరాల్లోనే రాయండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, మళ్లీ అడగండి. మనవాళ్లు జవాబివ్వండి అనడానికి 'రివర్ట్' అని రాస్తుంటారు, ఆ అర్థం అవతల చాలామందికి తెలియదు. 'రిప్లై' అని రాయండి.

కొనేవాళ్లు మెయిల్‌లో 'యెస్' అన్నా, ఎల్‌సీలో వేరేగా ఉంటే ఆ మెయిల్ బ్యాంకుకు పనికిరాదు. బ్యాంకు చూసేది ఎల్‌సీనే. లారీ మిల్లు దాటకముందే వాళ్ల బ్యాంకు ద్వారా ఎల్‌సీ సవరణ తెప్పించుకోండి.