ప్రోటీన్ ఆగిన చోటే చూడటం: ఐసీఐఈఎఫ్ వెనుక కథ

మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు (ఒకే రకం యాంటీబాడీ ప్రోటీన్‌తో చేసే జీవ ఔషధాలు) తయారుచేసే చోట ఇప్పుడు నాణ్యతా పరీక్షల్లో ఒకటి ఇలా జరుగుతుంది. సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, లోపల 100 మైక్రాన్ల వ్యాసం ఉన్న గొట్టంలో నమూనా నింపి, రెండు కొసల మధ్య అధిక వోల్టేజీ పెట్టి, గొట్టం మొత్తాన్నీ కెమెరాతో చూస్తారు. పూర్తి పేరు ఇమేజ్డ్ క్యాపిలరీ ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్. ల్యాబుల్లో అంత పేరు ఎవరూ పలకరు, ఐసీఐఈఎఫ్ అంటారు.

ప్రోటీన్ మీద ధనావేశాలూ రుణావేశాలూ రెండూ ఉంటాయి. చుట్టూ ఉన్న పీహెచ్‌ను బట్టి వాటి లెక్క మారుతుంది. రెండూ సరిసమానమై నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్‌ను ఆ ప్రోటీన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ అంటారు. గొట్టంలో ఒక కొస ఆమ్లంగా, రెండో కొస క్షారంగా ఉండేలా పీహెచ్ వాలు ఏర్పాటు చేస్తే ప్రతి ప్రోటీన్ తన పాయింట్ దాకా నడిచి అక్కడ ఆగుతుంది. పక్కకు జరిగితే మళ్లీ ఆవేశం వచ్చి వెనక్కి చేరుతుంది. అందుకే ప్రోటీన్లు ఆగిన చోట్లు సన్నని గీతల్లా కనిపిస్తాయి.

మందుల తయారీలో దీని అవసరం పెద్దది. యాంటీబాడీలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి డీఅమిడేషన్‌కు గురైతే, అంటే తన అమైడ్ భాగాన్ని కోల్పోతే, అణువు ఆమ్ల స్వభావం వైపు జరుగుతుంది. ప్రోటీన్ గొలుసు చివర లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తెగకుండా మిగిలితే క్షారం వైపు జరుగుతుంది. బరువులో తేడా స్వల్పమే, డీఅమిడేషన్‌లో అయితే ఒక్క డాల్టనే, అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువే. ఆవేశం మాత్రం ఆ తేడాను పట్టిస్తుంది. జీవ ఔషధాల ప్రమాణాలపై 1999లో వచ్చిన ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య సమన్వయపరిచే అంతర్జాతీయ మండలి) క్యూ6బీ మార్గదర్శకం ఇలాంటి రూపభేదాలను గుర్తించి వివరించమంటుంది.

ఈ కథలో వేరుచేయడం కంటే చూడటమే పెద్ద చిక్కు అని నా అభిప్రాయం. విచిత్రం ఏమిటంటే, మొదట్లో ఆ చిక్కు లేదు. 1937లో స్వీడన్‌లోని ఉప్సలాలో ఆర్నే టిసేలియస్ యూ ఆకారపు గొట్టంలో రక్తరసి ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసినప్పుడు రంగు వేయలేదు, బయటికి తీయలేదు. ప్రోటీన్ గాఢత మారే చోట కాంతి కొద్దిగా వంగుతుంది. ష్లీరెన్ అనే దృశ్య పద్ధతితో ఆ వంపును ఫొటో తీశాడు. ఆల్బుమిన్ నుంచి ఆల్ఫా, బీటా, గామా గ్లోబులిన్లు విడిపడి కనిపించాయి. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ష్లీరెన్ పద్ధతిని మెరుగుపరిచినవారిలో హ్యారీ స్వెన్సన్ ఒకరు. 1960ల మొదట్లో ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్‌కు సిద్ధాంతం రాసిందీ ఆ స్వెన్సనే. స్థిరమైన పీహెచ్ వాలు నిలపడానికి కావలసిన క్యారియర్ యాంఫోలైట్లను (ఆమ్ల, క్షార గుణాలు రెండూ ఉన్న చిన్న అణువుల మిశ్రమాన్ని) ఒలోఫ్ వెస్టర్‌బెర్గ్ తయారుచేశాడు.

తర్వాత పద్ధతి ద్రవం నుంచి జెల్ పొరలోకి వెళ్లింది. గీతలు అద్భుతంగా వచ్చేవి. కానీ జెల్‌కు రంగు పట్టించడం, కడగడం గంటల పని. పైగా ప్రోటీన్లు కనిపించడానికి వాడే కూమాసీ రంగు అన్ని ప్రోటీన్లకూ ఒకేలా అంటదు కాబట్టి గీత ముదురును బట్టి పరిమాణం చెప్పడం సందేహమే.

1981లో జోర్గెన్సన్, లూకాక్స్ క్యాపిలరీ అనే వెంట్రుకంత సన్నని గొట్టంలో అణువులను విద్యుత్తుతో విడదీసి చూపారు. 1985లో యెర్టెన్, ఝూ అందులోకి ఫోకసింగ్‌ను తెచ్చారు. వేగం పెరిగింది, యంత్రమే నమూనా తీసుకునే వీలు కలిగింది. అయితే డిటెక్టర్ గొట్టంలో ఒక్క కిటికీ దగ్గరే ఉంటుంది. గేటు దగ్గర నిలబడి గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టాలంటే బండి కదలాలి కదా! ఇక్కడేమో ప్రోటీన్లు ఎక్కడివక్కడ ఆగిపోవడమే పద్ధతి సారం. దాంతో ఫోకసింగ్ అయ్యాక ఉప్పు చేర్చో, పీడనంతో నెట్టో మొత్తాన్నీ కిటికీ ముందు నుంచి నడిపించేవారు. అలా నడిపిస్తే పీహెచ్ వాలు వంకరపోతుంది, గీతలు వెడల్పవుతాయి, సమయమూ పోతుంది.

1992లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జియాకీ వూ, యానుష్ పావ్లిషిన్ కిటికీనే తీసేశారు. పొట్టి క్యాపిలరీ మొత్తం మీద కాంతి పరిచి, గాఢత మారే చోట వచ్చే కాంతి వంపును ఒకేసారి నమోదు చేశారు. టిసేలియస్ వాడిన భౌతిక సూత్రమే అది. కొన్నేళ్లకు దాని స్థానంలో అతినీలలోహిత కాంతి శోషణ, సీసీడీ కెమెరా (కాంతిని డిజిటల్ సంకేతంగా మార్చేది) వచ్చాయి. కాంతి తరంగదైర్ఘ్యంగా 280 నానోమీటర్లు ఎంచుకోవడానికి కారణం ఉంది. 214 దగ్గర ప్రోటీన్ ఇంకా బలంగా కనిపించేదే, కానీ యాంఫోలైట్లు కూడా అక్కడ కాంతిని తాగేస్తాయి. 280 దగ్గర ప్రధానంగా ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు మాట్లాడతాయి. సున్నితత్వం చాలనప్పుడు ట్రిప్టోఫాన్ సహజ ప్రతిదీప్తిని (కాంతి పడితే తిరిగి వెలువరించే వెలుగును) కొలిచే ఏర్పాటు తర్వాత చేరింది.

ఫొటోలు వరసగా తీయడం వల్ల ఇంకో లాభం ఉంది. ఒక్కో ప్రోటీన్ రెండు కొసల నుంచి రెండు శిఖరాలుగా (గ్రాఫులో గీతలు కనిపించే రూపం ఇదే) బయల్దేరి మధ్యలో ఎక్కడో కలుస్తుంది. అవి కలిసిపోయాయో లేదో కళ్లారా చూసి ఎప్పుడు ఆపాలో తేల్చుకోవచ్చు. మరీ ఎక్కువసేపు ఉంచితే కొన్ని ప్రోటీన్లు తమ పాయింట్ దగ్గరే గడ్డకట్టి తప్పుడు శిఖరాలు చూపిస్తాయి. సున్నా ఆవేశం దగ్గర కరుగుదల తక్కువ మరి. యూరియా కలపడం అందుకే.

బొమ్మ చెప్పనిది ఒకటుంది. ఆమ్లం వైపు కనిపించిన శిఖరం డీఅమిడేషన్ వల్ల వచ్చిందా, యాంటీబాడీకి అంటుకున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెర వల్లా అన్నది దాన్ని చూసి తెలియదు. తేల్చాలంటే అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. అక్కడ యూరియా, ద్రవాన్ని చిక్కబరచడానికి కలిపే మిథైల్ సెల్యులోజ్, యాంఫోలైట్లు మూడూ సంకేతాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి ఇటీవలి పరికరాల్లో వాటిని తగ్గించి, చిప్ మీదే ఫోకసింగ్ చేసి, ముందు మొత్తం బొమ్మ తీసి, ఆ తర్వాత గీతలను ఒక్కొక్కటిగా స్పెక్ట్రోమీటర్‌లోకి నెడుతున్నారు. అంటే 1992లో వదిలించుకున్న ఆ నెట్టుడు మళ్లీ వచ్చింది. ఈసారి పీహెచ్ కొలత మాత్రం దాని మీద ఆధారపడదు, అప్పటికే బొమ్మలో నమోదైపోయి ఉంటుంది.